కాటా ఎక్కిన కట్టె

"ఇరవై రెండు కిలోల నాలుగొందలు!" కాటా ముల్లు మీదనుంచి చూపు తియ్యకుండానే అరిచాడు బసవపున్నయ్య. "రాస్కోండ్రి మేడం. సోమ్లి కట్టెలు సోమ్లి మొగుని కన్న బరువున్నయ్."

గుడిసె ముందు నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. సోమ్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. సోమ్లి మొగుడు గోప్యా, ఆ తండాకు నాయకుడు, తన బక్క ఒంటిని తానే ఒకసారి కిందికీ మీదికీ చూసుకుని అందరికన్నా గట్టిగా నవ్వాడు.

నిర్మలాదేవి కూడా చిన్నగా నవ్వి రిజిస్టరులో రాసుకుంది. ఖమ్మం నుంచి వచ్చిందామె. మండలానికంతా ఇంధన ప్రణాళిక తయారవుతోంది. ఏ ఇంటి పొయ్యిలో రోజుకు ఎంత కట్టె కాలుతుంది, ఏ కొట్టంలో ఎంత పేడ పోగవుతుంది అని ఊరూరా తిరిగి తూచి రాయడం ఆమె ఉద్యోగం. ఆ రాతను బట్టి ఢిల్లీ నుంచి గ్రాంటు వస్తుంది. కట్టె ఎక్కువ కాలే చోటికి ముందు పొగలేని పొయ్యిలు, ఊరందరికీ కలిపి ఒక పెద్ద గోబర్ గ్యాసు. అడవీ మిగులుతుంది, ఆడవాళ్ళ కళ్ళూ మిగులుతాయి. లంబాడీ మాట తెలిసినవాడు, తూకం చేతనైనవాడు ఒకడు తోడు కావాలంటే తుమ్మలచెలక సర్పంచి వెంకటరామారావు పున్నయ్యను పంపించాడు.

ఆ రెండూ పున్నయ్యకే వచ్చు. సర్పంచి దుకాణంలో పత్తి, మిర్చి తూకం వేసేది అతనే. ఇరవై ఏళ్ళుగా ఈ తండా పండించిందంతా అతని చేతుల మీదుగానే కాటా కొక్కేనికి ఎక్కి దిగింది. ఐదో తరగతిలో పంతులు కుర్చీకి జీడి రసం పూసిన నాటితో అతని చదువు ఐపోయింది కానీ, ఆ ఆకతాయి పనులు మాత్రం ఆగలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా అతన్ని మామా అనే పిలుస్తారు. పున్నయ్య మామ ఎదురొస్తే ముందు చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోవాలంటారు.

"అమ్మా, ఈ మోపు మీదే," నిర్మలాదేవి సోమ్లి వైపు తిరిగి నిదానంగా చెప్పింది. "రోజూ వండుకున్నట్టే వండుకోండి. కాకపోతే ఈ మూడు రోజులూ ఈ మోపులోంచే తీసి కాల్చండి. రేపూ, ఎల్లుండీ వచ్చి మిగిలింది తూస్తాం. ఎంత తరిగితే అంత మీరు వినియోగించినట్టు."

సోమ్లికి తెలుగు వచ్చు. సంత తెలుగు, దుకాణం తెలుగు. ఈ తెలుగు సగమే ఎక్కింది. ఆమె పున్నయ్య వైపు చూసింది.

"పొయ్యి ఎప్పుడిస్తరో అడుగు మామా."

గుడిసె లోపల కోడలు ద్వాలి దగ్గుతోంది. ఏడో నెల. దవాఖానాలో డాక్టరమ్మ పొగ దగ్గరికి పోవద్దంది. పోకుండా రొట్టె ఎట్లా కాలుతుందో చెప్పలేదు. పొగలేని పొయ్యి సంగతి విన్న రోజునుంచి సోమ్లి ఆ పొయ్యిని ఎక్కడ పెట్టాలో చోటు కూడా అలికి ఉంచింది. గోడవారగా, పచ్చగా, చేటంత మేర.

పున్నయ్య మీసం తడుముకున్నాడు. అతనికి ఏదో పుట్టిందంటే ముందు మీసం దురద పెడుతుంది.

తండాలో ఒక పద్ధతి ఉంది. కాటా ఎక్కింది ఇక మనది కాదు. తూచిన బస్తాలోంచి ఒక మిరపకాయ జారి పడితే తండా మనిషి ఎవరూ ఏరుకోరు. పసివాళ్ళు ముట్టబోతే తల్లులు చేతి మీద కొడతారు. కొక్కేనికి తగిలిందంటే అది దుకాణం సేటుది, దేవుడు అడిగినా అంతే. పున్నయ్యకు ఈ పద్ధతి మీద చాలా ఇష్టం. రెండేళ్ళ కింద గోప్యా పాగా తీసి కొక్కేనికి తగిలించి, "పావు కిలో, జమ!" అని అరిచాడు. గోప్యా రెండు రోజులు బోడి తలతో తిరిగాడు. మూడో రోజు పాగా తెచ్చి ఇస్తే ఊరంతా విరగబడి నవ్వింది. గోప్యా కూడా నవ్వాడు.

పున్నయ్య గొంతు సవరించుకుని లంబాడీలోకి దిగాడు.

"మేడం ఏమంటుందంటే, ఈ మోపు కాటా ఎక్కింది గద, ఇగ ఇది సర్కారుది. మూడొద్దులు ముట్టొద్దు. ఒక్క పుల్ల తరిగినా లెక్క తప్పినట్టే. ఇంట్ల ఇంకో కట్టె కనబడ్డదా, ఫారెస్టోళ్ళొచ్చి గొడ్డండ్లు గుంజుకపోతరు. జల్దీ తీసి ఎక్కడన్న పడేయండ్రి."

ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. "మరి పొయ్యి?" అంది సోమ్లి.

"గదే గద పరీక్ష. ముట్టకుంటెనే పొయ్యి."

అతని ముఖంలో ఒక్క నరం కదల్లేదు. అది అతని పనితనం. నవ్వించేవాడు ముందు నవ్వితే సరుకు పాడైపోతుంది.

"అర్థమయ్యేట్టు చెప్పారా?" నిర్మలాదేవి అడిగింది.

"గింజ గింజ చెప్పిన మేడం."

సోమ్లి మోపు దగ్గరికి వెళ్ళింది. దాన్ని చేత్తో తాకకుండా, పాత చీరె తెచ్చి పైన కప్పింది.

మిగతా పదకొండు ఇళ్ళలోనూ పున్నయ్య అదే మాట చెప్పాడు. ప్రతి ఇంటికీ ఒక చిన్న సింగారం చేరింది. ఆఖరి ఇంటికి వచ్చేసరికి ఆ మాటల్లోకి ఫారెస్టు వాళ్ళతో పాటు పోలీసు జీపు కూడా వచ్చింది.

*

పిచ్చయ్య హోటల్లో ఆ సాయంత్రం చాయ్ గ్లాసులు కిందపెట్టి మరీ నవ్వారు. పున్నయ్య చెప్పడమే కాదు, సోమ్లి మోపుకు చీరె కప్పడం తువ్వాలుతో చేసి చూపించాడు. బెంచీ మీద ఒకడు కడుపు పట్టుకుని "ఇగ చాలు మామా" అన్నాడు.

"రేపు తెల్లారంగనే పోయి చెప్తలే," కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు పున్నయ్య. "మేడం మొఖం ఎట్లుంటదో చూడాలె."

వెంకటరామారావు అప్పుడే స్కూటరు దిగి లోపలికి వచ్చాడు. కథ మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నాడు. సర్పంచి నవ్వితే పళ్ళు కనపడవు, పొట్ట కదులుతుంది. పొట్ట కదిలింది.

"రేపే చెప్తే ఏముంది మామా మజా? మూడొద్దులు నడవనియ్యి. ఆఖరున చెప్తే గద, అసలు ఆట."

"మేడం లెక్క ఆగమైతదేమో."

"ఆగమైతే మళ్ళ తూస్తరు. సర్కారోళ్ళకు ఇంకేం పనున్నది?" సర్పంచి చాయ్ ఊదుకున్నాడు. "పిచ్చయ్యా, మామకు ఇంకో చాయ్ పొయ్యి. నా తరఫున."

నిజమే అనిపించింది పున్నయ్యకు. పండు ఆకుపచ్చగా ఉండగా కోస్తే ఏం రుచి?

*

మర్నాడు పన్నెండు మోపులూ, పన్నెండు పెళ్ళికూతుళ్ళలాగా చీరెలు కప్పుకుని కూర్చున్నాయి.

"ఇరవై రెండు కిలోల నాలుగొందలు," చదివాడు పున్నయ్య. కడుపులోంచి తన్నుకొస్తున్న నవ్వును దగ్గుగా మార్చాడు.

నిర్మలాదేవి రిజిస్టరు చూసింది, ముల్లు చూసింది. "నిన్నటంతే ఉంది."

"అంతే ఉన్నది మేడం."

"వండుకోలేదా మీరు?"

సోమ్లి పున్నయ్య వైపు చూసింది. సరిగ్గా చేశామా అన్న చూపు అది. బడిలో పలక చూపించే పిల్ల చూపు.

ఇప్పుడు చెప్పేస్తే ఐపోయేది. చెప్పాలని నోరు కూడా తెరిచాడు. కానీ ఇంకా ఒక రోజు ఉంది. సర్పంచి చెప్పినట్టు అసలు ఆట రేపు.

"కందికట్టె కాలుస్తరు మేడం," అన్నాడు. "కంది కోతలైనయ్ గద. ఈళ్ళు చేన్ల కట్టెనే కాలుస్తరు. అడవి కట్టె పండగలకే."

"ఈ తండా అడవి అంచునే ఉంది కదా?"

"అంచున ఉన్నోళ్ళకే అడవంటే పానం మేడం."

ఆ మాట అతనికే బాగుందనిపించింది. నిర్మలాదేవి కాసేపు పెన్ను గాల్లో పట్టుకుని, తర్వాత రాసింది. తలెత్తి, "మీరు లేకపోతే నాకు ఈ సంగతులు తెలిసేవి కావు పున్నయ్య గారూ," అంది.

గారూ అని అతన్ని పిలిచినవాళ్ళు లేరు. ఆ పిలుపు అతని నోటికి చిన్న తాళం వేసింది. వెంటనే మజాక్ చేశానమ్మా అని ఎట్లా చెప్పడం? రేపు చెప్పొచ్చు. వెళ్ళేముందు చెప్పొచ్చు.

సాయంత్రం ఊళ్ళో అతని ఇంటి వంతు వచ్చింది. తుమ్మలచెలకలోనూ పన్నెండు ఇళ్ళు తూస్తున్నారు. అతని భార్య రాఘవమ్మ ముందు రోజు పెట్టిన మోపులో తొమ్మిది కిలోలు తరిగాయి.

"తొమ్మిది కిలోలా? ఒక్కరోజుకే?" నిర్మలాదేవి అంది.

"ఈయనకు తెల్లారి బిందెడు, పొద్దుగూకి బిందెడు వేన్నీళ్ళు గావాలె గదమ్మా," రాఘవమ్మ పొయ్యిలోకి ఒక మొద్దు తోస్తూ అంది. "అడవి మొత్తం ఈయన వీపు రుద్దనీకే చాలదు."

ఈసారి నవ్వింది నిర్మలాదేవి ఒక్కతే.

*

మూడో రోజు తూకాలు పొద్దున్నే ముగిశాయి. పదకొండు మోపులు ఒక్క పుల్ల కూడా తరగలేదు. పన్నెండోదాంట్లో రెండొందల గ్రాములు తగ్గాయి. ఆ ఇంటావిడ ఏడుపు ముఖంతో రాత్రి ఎలుకలు లాగాయని చెప్పుకుంది.

నిర్మలాదేవి జీపు దగ్గర కాగితాలు సర్దుకుంటోంది. ఇదే సమయం. పున్నయ్య మీసం దువ్వుకుని, ముందు గొంతు తడుపుకుందామని సోమ్లి గుడిసె వెనక్కి, నీళ్ళ కుండ దగ్గరికి నడిచాడు.

అక్కడ ఉండాల్సిన దడి లేదు.

మేకల దొడ్డి చుట్టూ, దాని పక్క మిరపతోట చుట్టూ గోప్యా పోయిన వానాకాలం వెదురు చీల్చి, మోదుగ గుంజలు పాతి అల్లిన దడి అది. ఇప్పుడు గుంజలు పీకిన గుంతలు మాత్రం వరసగా ఉన్నాయి. మేకలు కాళ్ళు కట్టేసి పడి ఉన్నాయి. మిరపతోటలో రెండు సాళ్ళు మోడులు. ఎవరివో గొడ్లు పడి మేసిపోయాయి. పండు మిరపకాయలు మట్టిలో తొక్కుడు పడి ఉన్నాయి.

చూరు కింద మూడు రాళ్ళ పొయ్యి ముందు ద్వాలి కూర్చుంది. పన్నెండు ఇళ్ళ రొట్టెలూ ఆ ఒక్క పొయ్యి మీదే కాలుతున్నట్టుంది, పక్కన పన్నెండు ముద్దలుగా పిండి పెట్టి ఉంది. పొయ్యిలో ఉన్నవి పచ్చి లంటానా పొదల రెమ్మలు, ఒక చీపురుకట్ట, దడిలోంచి పీకిన ఆఖరి వెదురు ముక్కలు. మంట లేదు. పొగ పసుపుగా, లావుగా లేచి ఆమె ముఖాన్నే వెతుక్కుంటూ వస్తోంది. ఆమె ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని ఊదుతోంది. ఊది, దగ్గి, ఊదుతోంది. కళ్ళు రెండూ నానిన మిరపపండ్లలా ఉన్నాయి.

"ఇట్లెందుకు..." అన్నాడు పున్నయ్య.

సోమ్లి వెనకనుంచి నీళ్ళ చెంబు తెచ్చింది. "ఇంట్ల కట్టె ఉండొద్దంటివి గద మామా. అందరం తీసుకపోయి వాగుల పడేసినం. కందికట్టె మొన్ననే అమ్మితిమి. ఇగ దడి ఉన్నది, దడి పీకినం." తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించింది. "దడి కాటా ఎక్కలేదు గద? అది కాల్చొచ్చు గద?"

పున్నయ్య చెంబు అందుకోలేదు.

"మూడొద్దులైపోయినయ్," అంది సోమ్లి. అలసిన ముఖంలో ఎక్కడో ఒక మూల వెలుగు. "మేం ముట్టలేదు. మా తండ ఒక్క పుల్ల ముట్టలేదు. ఇప్పుడన్న పొయ్యి ఇస్తరు గద?"

గోడవారగా అలికిన చోటు ద్వారంలోంచి కనిపించింది. మళ్ళీ అలికినట్టున్నారు, తడి ఆరలేదు.

మజాక్ అన్న మాట అతని నాలిక మీద ఉంది. ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట! అనగానే అవతలివాడు నుదురు కొట్టుకుని నవ్వుతాడు, అక్కడికి లెక్క తీరిపోతుంది. ఇప్పుడు ఆ మాట అంటే ఈ మనిషి ముఖంలో ఆ మూల వెలుగు ఏమవుతుందో చూడాల్సి వస్తుంది.

"పున్నయ్య గారూ! వెళ్దామా?" జీపు దగ్గరనుంచి పిలుపు.

అతను వెళ్ళాడు. దారి పొడవునా జీపు వెనక సీట్లో కాటా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుంతల్లో పడ్డప్పుడల్లా కొక్కెం అతని మోకాలికి తగిలింది.

"ఒంట్లో బాగాలేదా?" నిర్మలాదేవి అడిగింది.

"పొగ, మేడం," అన్నాడు. "కండ్లల్లకు పోయింది."

*

రెండు రోజులు అతను పిచ్చయ్య హోటలు వైపు వెళ్ళలేదు. రాఘవమ్మ వేన్నీళ్ళు తోడితే, చన్నీళ్ళు పోసుకున్నాడు.

"ఏందీ, మాఘమాసపు మొక్కా?" అంది ఆమె.

పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే రెండు చోట్ల నవ్వొచ్చే మాటలు వాటంతటవే వచ్చాయి. వాటిని మింగి చెప్పాడు. రాఘవమ్మ నవ్వలేదు. కూరలో గరిటె తిప్పడం ఆపి విన్నది.

"ఏడో నెల పిల్లతోని దడి కాల్పిచ్చినవ్," అంది ఆఖరున. "సోమవారం మీటింగున్నదంట గద మండలాఫీసుల. పోయి చెప్పు. నీకు నోరున్నదని ఊరంత అంటరు, ఉన్నదో లేదో చూద్దాం."

*

మండలాఫీసు హాల్లో పదకొండు గంటలకు కుర్చీలన్నీ నిండాయి. మండలంలోని ఊళ్ళనుంచి మనుషుల్ని రమ్మన్నారు. గోప్యా, సోమ్లి గోడవారగా కింద కూర్చున్నారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోప్యా పాగా ఉతికి కట్టుకొచ్చాడు.

ఎండీఓ కాగితం తీసి, మొదటి ఏడాది గ్రాంటు కింద ఎంపికైన ఊళ్ళ పేర్లు చదివాడు. తుమ్మలచెలక మొదటిది. సగటున ఇంటికి ఎనిమిది కిలోల కట్టె. అరవై పొయ్యిలు, ఒక గోబర్ గ్యాసు. వెంకటరామారావు పొట్ట కదిలింది. అప్పుడు తెలిసింది పున్నయ్యకు, ఆ రోజు చాయ్ ఎందుకు పోయించాడో.

"గోప్యా తండా," ఎండీఓ కాగితం తిప్పాడు. "అడవి కట్టె వినియోగం దాదాపు లేదు. పంట వ్యర్థాలతో సరిపెట్టుకుంటున్నారు. మంచి విషయం. కాబట్టి ఈ ప్రణాళిక కాలంలో వీళ్ళకు అవసరం లేదు."

సోమ్లి గోప్యా వైపు చూసింది. ఏమన్నాడో ఆమెకు సగమే ఎక్కింది. ఆ సగం చాలు.

పున్నయ్య లేచాడు. "సార్, ఆ లెక్క తప్పు సార్."

తలలన్నీ తిరిగాయి. అతన్ని చూడగానే ముందు వరసలో ఒకాయన పెదవుల మీద నవ్వు మొలిచింది.

"నేను మజాక్ చేసిన. మోపు ముట్టొద్దని నేనే చెప్పిన. కాటా ఎక్కింది సర్కారుదని చెప్పిన. ఆళ్ళు కట్టెలు వాగుల పడేసి దడి కాల్చుకున్నరు సార్. చీపురుకట్ట కాల్చుకున్నరు..."

చీపురుకట్ట దగ్గర హాలు నవ్వుతో పగిలింది. వెనక వరసలవాళ్ళు తొడలు చరుచుకున్నారు.

"చూసిండ్రా సార్, మా మామ ఈడ గూడ మొదలుపెట్టిండు," వెంకటరామారావు అన్నాడు.

"ఒట్టు సార్. మా ఇంటిదాని మీద ఒట్టు."

"పోయిన దసరాకు గూడ గదే ఒట్టు పెట్టిండు సార్," ఎవరో అరిచారు. "చెరువు కట్ట తెగిందని ఊరునంత గుట్టెక్కిచ్చిండు!"

మళ్ళీ నవ్వు. ఎండీఓ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పున్నయ్య ఎంత గట్టిగా చెబితే అంత నవ్వారు. అతని ముఖం కదలకపోవడం చూసి ఇంకా నవ్వారు. ఎప్పుడూ అతని పనితనం అదే కదా.

నవ్వనిది నిర్మలాదేవి. ఆమె రిజిస్టరు తెరిచి మూడు రోజుల అంకెల మీద వేలు పెట్టి చూస్తోంది. లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం సార్. వాళ్ళనే అడుగుదాం." గోడ వైపు తిరిగింది. "సోమ్లీ, ఈయన చెప్పేది నిజమేనా? మోపు ముట్టుకోవద్దని మీకు చెప్పాడా?"

హాలు సద్దుమణిగింది. సోమ్లి లేచి నిలబడింది. పున్నయ్య ఆమె వైపు చూస్తూ తల ఊపాడు, చెప్పు, చెప్పు అన్నట్టు. ఆమె అతన్ని చూసింది. అతని పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్న వెంకటరామారావును చూసింది. తర్వాత నేల చూసింది.

"మామ మంచిగనే చెప్పిండమ్మా," అంది. "మేం కందికట్టెనే కాలుస్తం."

*

గేటు బయట వాళ్ళను అందుకునేసరికి పున్నయ్యకు ఆయాసం వచ్చింది.

"ఎందుకు గట్ల చెప్పినవ్ సోమ్లీ? నేను నిలబడి ఒప్పుకుంటి గద! నీ కోడలి సంగతి..."

సోమ్లి ఆగింది. ఆమె ముఖంలో కోపం ఉంటే బాగుండునని వెతికాడు. లేదు.

"ఇంకో నాలుగొద్దులైతే మిర్చి తూకం ఉన్నది గద మామా."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేను తూకంల ఎన్నడన్న మోసం..." అన్నాడు.

"అంటలేను మామా. నువ్వు మంచిగనే ఏస్తవ్." గోప్యా కల్పించుకున్నాడు, సర్దిచెబుతున్నట్టు. "కానీ నిన్ను తప్పంటే సర్పంచిని అన్నట్టే గద. దుకాణం ఆయనది, కాటా నీది. మాకు ఇంకో దుకాణం ఏడున్నది?"

"నువ్వు నవ్వుకుంట తూస్తవ్," అంది సోమ్లి. "మేం నవ్వుకుంట ఇస్తం. గంతే గద మామా, ఇన్నొద్దులు నడిచింది."

వాళ్ళిద్దరూ ఎండలో నడిచి వెళ్ళిపోయారు. పున్నయ్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. బోడి తలతో తిరిగిన గోప్యా గుర్తొచ్చాడు. ఆ రెండు రోజులూ ఎండ ఇట్లాగే ఉండింది.

వెనక చెప్పుల చప్పుడు. నిర్మలాదేవి.

"మీరు లోపల చెప్పింది రాసిస్తారా? మళ్ళీ తూకం వెయ్యాలని దాంతో జిల్లాకు రాస్తాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. ఒప్పుకున్నా ఈ ఏడాది గ్రాంటు పోయినట్టే." ఆమె గొంతులో గారూ లేదు.

వరండాలో కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. సంతకం తప్ప ఇంకేమైనా రాసి ముప్ఫై ఏళ్ళు దాటింది. *నా పేరు బసవపున్నయ్య. గోప్యా తండల కట్టె తూకం నేను ఏసిన. మోపు ముట్టొద్దని అబద్దం చెప్పిన. నేను* అని రాసి ఆగాడు. తర్వాతి మాట మజాక్ అని వస్తోంది. ఇంకో మాట కోసం వెతికాడు. జరిగినదానికి ఏదో పేరు ఉండే ఉంటుంది. ఐదో తరగతి దాకా అది ఎవరూ చెప్పలేదు.

మెట్లు దిగుతూ వెంకటరామారావు వంగి చూశాడు. "ఏం రాస్తున్నవ్ మామా?"

"మజాక్," అన్నాడు పున్నయ్య.

సర్పంచి పొట్ట కదిలింది. స్కూటరు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున పున్నయ్య బండెడు రేగుకంప, గుంజలకని కొన్ని తుమ్మ కొమ్మలు నరుక్కుని తండాకు తోలుకెళ్ళాడు. బండి మీద పొడి కట్టెలు కూడా ఒక మోపు ఉంది. తన దొడ్లోది. తూచలేదు.

సోమ్లి గుడిసె ముందుకొచ్చి నిలబడింది. చేస్తుంటే చూసింది. తర్వాత గోప్యా వచ్చి ఇంకో పక్కనుంచి కంప పట్టుకున్నాడు. పాత గుంతల్లోనే గుంజలు నిలబెట్టి, మట్టి తొక్కి, కంప అల్లుకుంటూ వచ్చారు. ముళ్ళు అతని అరచేతుల్లో, ముంజేతుల మీద గీతలు గీశాయి. కొక్కెం పట్టిన చేతులే కానీ కంప పట్టిన చేతులు కావు. చుట్టుపక్కల గుడిసెల్లోంచి ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి నిలబడ్డారు. మామ పొద్దున్నే వచ్చి దడి కడుతున్నాడంటే ఇందులో ఏదో ఉండే ఉంటుంది. ఎప్పుడు బయటపడుతుందా అని ముఖాలు సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నారు.

మిరపతోట వైపు దడి రెండు పక్కలు ముగిసేసరికి ఎండ నెత్తికెక్కింది. పున్నయ్య నడుం ఎత్తి, చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. గొంతు ఎండిపోయింది.

"దూపైతుంది," అన్నాడు. "కొన్ని నీళ్ళియ్యుండ్రి."

ఆడవాళ్ళు నవ్వారు.

అందరూ ఒక్కసారే నవ్వారు. సోమ్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. గోప్యా చేతిలో కంప పట్టుకునే నవ్వాడు. ఎందుకు నవ్వాలో తెలియకపోయినా, ఆలస్యమైతే బాగుండదని నవ్వారు.

"మజాక్ గాదు," అన్నాడు. ఇంకా నవ్వారు.

ద్వాలి చూరు కిందనుంచి నిండు కడుపుతో లేచి చెంబు తెచ్చింది. ఎర్రటి కళ్ళతో అతని వైపు చూసి ఆమె కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో దగ్గయింది. దగ్గు మీద దగ్గు. చెంబులో నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి. సోమ్లి వచ్చి వీపు నిమిరింది. మిగతావాళ్ళ నవ్వు ఒక్కొక్కటే ఆగిపోయింది.

పున్నయ్య ఆమె చేతిలోంచి చెంబు అందుకున్నాడు. తాగలేదు. నెత్తురు గీతలు పడ్డ రెండు చేతుల్తో దాన్ని పట్టుకుని, ముల్లు నిలబడేదాకా ఆగినట్టు ఊపిరి బిగబట్టి, ఆ దగ్గు ఆగడం కోసం నిలబడ్డాడు.